ఱంపానికి మార్కులు

మా ఇంట్లో మరమ్మతులు మొదలై నెల దాటింది. తాతగారి నాటి పెంకుటిల్లు. పడకగది వెడల్పు చేయాలి, పాత టేకు ద్వారబంధాలను కుదించి కొత్త తలుపులకు అమర్చాలి, ప్లైవుడ్డుతో అలమరలు కట్టాలి. మేస్త్రి నా పూర్వశిష్యుడే. ఒకప్పుడు యతిప్రాసలకు జడిసి వెనుక బెంచీలో దాక్కున్నవాడు, నేడు కొలతలో నూలువాసి తేడా వచ్చినా ఒప్పుకోడు.

మొన్న ఒక కరెంటు ఱంపం తెచ్చాడు. "సెకండ్ హ్యాండుదండి మాస్టారూ. రెండు రోజులు వాడి చూసుకోమన్నారండి. కొనమంటారా?" అన్నాడు.

(బండి ఱ వేశానని నవ్వకండి. నిఘంటువులో ఉన్నది అదే. అమరకోశంలో ఱంపానికి క్రకచము, కరపత్రము అని పేర్లు. ఇప్పుడు కరపత్రమంటే వీధిలో పంచే కాగితమైపోయింది.)

ఇన్నాళ్లూ అతడు మార్బుల్ కట్టరుకే చెక్క కోసే బ్లేడు తగిలించి పని నడిపాడు. అది రాళ్లు కోయడానికి పుట్టిన యంత్రం. నిమిషానికి 12,000 చుట్లు పైబడి తిరుగుతుంది. బ్లేడును దానంతట అదే మూసే గార్డు ఉండదు. అతడి ఎడమచేతి చూపుడువేలు ఒక కణుపు పొట్టి. ఎందుకో నేను అడగలేదు, అతడు చెప్పలేదు.

జవాబు పత్రాలు దిద్దిన అలవాటు ఎక్కడికి పోతుంది? కుర్చీ వేసుకుని మూల్యాంకనానికి కూర్చున్నాను.

బ్లేడు 7¼ అంగుళాలు, అంటే సుమారు 184 మిల్లీమీటర్లు. నిటారుగా 65 మిల్లీమీటర్ల లోతు, 45 డిగ్రీల వాలులో సుమారు 45 మిల్లీమీటర్లు కోస్తుంది. మా ద్వారబంధం మందం మూడంగుళాలు. కనుక ఒక్క కోతలో తెగదు, తిప్పి రెండోవైపు నుంచి కోయాలి. అక్కడ కొన్ని మార్కులు తగ్గించాను. 24 పళ్ల బ్లేడుతో ప్లైవుడ్డు అంచు పెచ్చులు లేచింది. 60 పళ్లది వేస్తే నున్నగా వచ్చింది. పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి గనుక మంచి ముఖం కిందికి పెట్టాలని అతడే నాకు పాఠం చెప్పాడు. బ్లేడు చెక్క కిందికి పావంగుళం మించి దిగకూడదనీ, కోత సందు మూసుకుని బ్లేడును పట్టేస్తే ఱంపం మనిషి మీదికి వెనక్కి తన్నుతుందనీ చెప్పాడు. పాత టేకులో మేకులు దాగి ఉంటాయని ముందుగా అయస్కాంతం ఆడించి వెతికాడు. శిష్యుడికి నూటికి నూరు.

రెండోనాటి సాయంత్రం ప్లగ్గు తీయించి, ఱంపాన్ని తిరగేసి చూశాను. కింది గార్డును పైకెత్తి, బైండింగు వైరుతో కట్టేసి ఉంది.

"ఇదేమిట్రా?"

"ఆ గార్డు అడ్డొస్తోందండి. కోత మొదలెట్టినప్పుడల్లా పట్టేస్తోందండి. కట్టేస్తే పని చురుగ్గా సాగుతుందండి."

"మీట ఉందిగా, దాంతో ఎత్తుకోవచ్చుగా?"

"ఉందండి. కానీ సంక్రాంతికల్లా తెమలాలన్నారు కదండీ..."

నాకు నోట మాట రాలేదు. అమ్మాయి వాళ్లు పండగకు వస్తారని, ఆలోగా పూర్తి చేయాలని రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతోపాటు అందించిన మాట నాదే. పైగా పని గుత్తకు మాట్లాడుకున్నాను. ఆలస్యమైన ప్రతి రోజూ అతడి కూలిలోంచే పోతుంది. ఆ తీగ చుట్టిన చేయి అతడిదే, కానీ తొందర నాది.

తీగ విప్పించాను. గార్డు లోపల పొట్టూ టేకు జిడ్డూ గట్టిపడి ఉన్నాయి. బ్రష్షుతో శుభ్రం చేశాక మీట ఎత్తి వదిలితే గార్డు టక్కున మూసుకుంది. పది సార్లు ఎత్తి వదిలాను, పది సార్లూ మూసుకుంది. మీట వదలగానే గార్డు మూసుకోవాలి, ఎందుకంటే స్విచ్చు వదిలాక కూడా బ్లేడు కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. ఱంపం ఎంత బాగా కోస్తుందని రెండు రోజులు చూశానే గాని, ఎలా ఆగుతుందని ముందు చూడవలసింది.

కొనమన్నాను. గుత్త రద్దు చేసి రోజుకూలి లెక్కకు మార్చాను. పండగకు వీధిగదిలో సర్దుకోవాలని అమ్మాయికి ఫోనులో చెప్పాను.

ఆ తీగ ముక్క మాత్రం నా రాతబల్ల సొరుగులో ఉంచాను. అతడు పారేయబోతే నేనే అడిగి తీసుకున్నాను.