ఫోన్‌లో చోటు లేదు

2025 నవంబరులో ఒక సాయంత్రం, సూరత్ నగరంలోని ఖటోదరా పారిశ్రామికవాడలో, మరమగ్గాల షెడ్డు ఎదుటి చాయ్ బండి దగ్గర నిలబడి ఒక నేత కార్మికుడు తన ఫోన్ తెర మీద గుండ్రంగా తిరుగుతున్న గుర్తును చాలాసేపు చూశాడు. వరంగల్ దగ్గరి సొంతూరి నుంచి అన్న కొడుకు పంపిన ఫోటో అది. 2002 నాటి ఓటర్ల జాబితాలోని ఒక పేజీ. గుర్తు తిరిగి తిరిగి ఆగిపోయింది. ఫోన్‌లో చోటు లేదని, కొన్నింటిని తొలగించుకోవాలని సూచన వచ్చింది. రాత్రి షిఫ్టుకు పది నిమిషాలే ఉంది. ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. పన్నెండు గంటల షిఫ్టు పొడవునా మగ్గాల చప్పుడులో అతడికి ఆ పేజీ తప్ప మరొకటి తోచలేదు.

ఆ పేజీ కోసం అంత ఆరాటం ఎందుకో చెప్పాలి. ఎన్నికల సంఘం ప్రత్యేక సమగ్ర సవరణ రెండో విడతను నవంబరు 4న పన్నెండు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలుపెట్టింది. వాటిలో గుజరాత్ ఉంది, తెలంగాణ లేదు. బూత్ స్థాయి అధికారి ఇంటికి తెచ్చి ఇచ్చిన ఫారంలో ఓటరు గత సమగ్ర సవరణ నాటి జాబితాలో తన పేరు గానీ, తల్లిదండ్రుల పేరు గానీ ఎక్కడ ఉందో, ఏ భాగంలో ఎన్నో క్రమసంఖ్యలో ఉందో రాయాలి. ఆ దశలో పత్రాలేవీ ఇవ్వనక్కర్లేదు. పాత జాబితాతో లంకె కుదరనివారికి మాత్రం తర్వాత నోటీసు వస్తుంది, అప్పుడు పత్రాలు చూపించుకోవాలి. పుట్టిన ఊళ్లోనే బతుకుతున్నవారికి ఇది ఒక పూట పని. 2002లో ఒక రాష్ట్రంలో, ఇప్పుడు మరో రాష్ట్రంలో ఉన్నవాడికి ఇది వెయ్యి కిలోమీటర్ల అవతల ఎవరో ఒకరు ఓపిగ్గా వెతికి ఫోటో తీసి పంపితే తప్ప తెమలని పని.

సూరత్‌లో అటువంటివారు కొద్దిమంది కారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా ఈ నగరానికి వలస వస్తూనే ఉన్నాయి. ఇక్కడి నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఆ వలస ఎంత పాతదో ఊహించుకోవచ్చు. 2017 అక్టోబరు 22న వరంగల్‌లో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, సూరత్, భివండీ, షోలాపూర్ వెళ్లిన నేతన్నలు ఇక తిరిగి రావచ్చునన్న మాట గట్టిగా వినిపించింది. ఆ శంకుస్థాపన ఫోటోలు నాలుగు కోణాల్లో అతడి ఫోన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. అతడు మాత్రం ఖటోదరాలోనే ఉన్నాడు.

మరునాడు మధ్యాహ్నం ఉధనాలోని అద్దె గదిలో తండ్రీ కూతుళ్లు ఫోన్ ముందేసుకుని కూర్చున్నారు. కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, ఇలాంటి పనుల్లో ఆ ఇంటికి ఆమే పెద్దదిక్కు. ఫోన్ సామర్థ్యం 32 జీబీ. అందులో సగం ఫోన్ నడవడానికి, యాప్‌లకే పోతుంది. మిగిలిన చోటంతా ఎవరు ఆక్రమించారో చూస్తే భారత ప్రజాస్వామ్యం ఒక సామాన్యుడి జేబులో ఎలా కాపురం పెట్టిందో తెలుస్తుంది. పొద్దునే వచ్చే సూర్యోదయాలు, గులాబీలు, దేవుళ్లు సరే. ఆ శుభోదయాల వల్ల భారతీయుల ఫోన్లు మొరాయిస్తున్నాయని గూగుల్ పరిశోధకులే గుర్తించారు. 2017 డిసెంబరులో ఆ సంస్థ ఫోన్ శుభ్రం చేసుకునే యాప్‌ను ప్రత్యేకంగా విడుదల చేసింది. కానీ దేవుళ్లకంటే ఎక్కువగా ఉన్నవారు నాయకులు. రెండు రాష్ట్రాల నాయకులు! వలస కార్మికుడి ఫోన్‌కు రెండు రాష్ట్రాల రాజకీయాలనూ మోయక తప్పదు. 2022 డిసెంబరు గుజరాత్ శాసనసభ ఎన్నికలు, 2023 నవంబరు తెలంగాణ ఎన్నికలు, 2024 లోక్‌సభ ఎన్నికలు. వాటి మధ్య సంక్రాంతులు, ఉత్తరాయణాలు, జన్మదినాలు, పరామర్శలు. ప్రతి పండుగకూ ఒక నమస్కారం, నమస్కారం పక్కన పార్టీ గుర్తు. సొంత నియోజకవర్గంలో ఓటే లేనివాడికి సొంత నియోజకవర్గపు అభ్యర్థి హామీల వీడియోలు పదకొండు.

వాట్సాప్‌లో నిల్వను చూసుకునే చోట ‘అనేకసార్లు ఫార్వర్డ్ అయినవి’ అని ఒక విభాగం విడిగా ఉంటుంది. పుకార్ల వల్ల మూకహత్యలు జరిగాక, 2018 జులైలో భారత్‌లో ఒక సందేశాన్ని ఐదు చోట్లకే పంపేలా ఆ సంస్థ కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగిన సందేశాలను ఒకసారి ఒక్క చోటికే పంపేలా బిగించింది. కట్టడి పంపేవాడికే, పోగుపడిన చెత్త మాత్రం అందుకున్నవాడిదే. కూతురు ఆ విభాగం తెరిచింది.

“బాపూ, ఇయ్యన్నీ తీసేద్దునా?”

“తియ్యి బిడ్డా. గుడ్ మార్నింగులతోని కడుపు నిండుతదా?”

అంతవరకు పని చకచకా సాగింది. కెమెరా ఫోటోల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ మాట కుదరలేదు. ఒకే రకంగా కనిపించే ఫోటోలు ఎనభైకి పైగా ఉన్నాయి. గళ్ల కాగితం, నీలి సిరా, అంకెలు, కొన్నింటిలో బొటనవేలి నీడ. కూతురు వాటిని ఒకేలాంటి నకళ్లు అనుకుంది. నిజానికి అవి పదిహేను రోజులకొకసారి పగార్ పంచేముందు షెడ్డు రిజిస్టరులో అతడి పేరున రాసిన మీటర్ల లెక్కలు. అతడికి నియామక పత్రం లేదు, వేతన చీటీ లేదు. ఒకసారి మీటర్ల లెక్కలో తేడా వచ్చినప్పుడు ఈ ఫోటో చూపించాకే డబ్బు చేతికొచ్చింది. అదే నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అన్నది అందులో ఘనంగా చెప్పుకున్న అంశం. ఆ పత్రం అతడి చేతికి వచ్చేదాకా బొటనవేలి నీడ పడ్డ ఫోటోలే అతడి వేతన చీటీలు. మసకగా ఉన్నవాటిని తొలగించమని ఫోన్ సలహా ఇస్తోంది. ఏది మసకో యంత్రానికి తెలుస్తుంది, ఏది రుజువో తెలియదు.

వాటి వెనుక మరికొన్ని ఉన్నాయి. 2020 మే నెలలో ఊరికి వెళ్లేందుకు వచ్చిన అనుమతి పత్రం. విరిగిన విడిభాగం ఫోటో, దుకాణంలో చూపించి అటువంటిదే తెచ్చుకోవడానికి. రేషన్ కార్డు, ఆధార్, గది యజమాని కరెంటు బిల్లు. 2024 మే 7న తీసుకున్న సిరా వేలి ఫోటో. (ఆ ఎన్నికల్లో సూరత్ లోక్‌సభ స్థానం పోలింగ్ లేకుండానే ఏకగ్రీవమైపోయింది. ఉధనా, లింబాయత్ శాసనసభ స్థానాలు నవసారి లోక్‌సభ కింద ఉండబట్టి అతడికి ఓటు వేసే భాగ్యం దక్కింది. సిరా వేలి ఫోటో సూరత్‌లో అందరి దగ్గరా ఉండే వస్తువు కాదు.) ఇక, పక్కపక్కనే రెండు ఓటరు కార్డులు: ఒకటి ఉధనాది, రెండోది వరంగల్ జిల్లా నాటిది.

“గా పాత కార్డు ఎందుకు బాపూ? పనికిరాదు గదా.”

“పనికిరాదు. గని నేను ఆడోన్నే అనేటందుకు నా దగ్గర ఇంకేమున్నది?”

కూతురి భయానికి కారణం లేకపోలేదు. రెండు నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. తప్పుడు ప్రకటన చేస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా శిక్ష పడవచ్చు. కాలేజీలో ఈ మాటే తిరుగుతోంది. కానీ నిషేధం రెండు జాబితాల్లో పేరు ఉండటంపైనే, పాత కార్డు ఫోటో దాచుకోవడంపై కాదు. సూరత్‌లో పేరు నమోదైనప్పుడే ఊళ్లో తొలగించమని అతడు రాసిచ్చాడు. ఒక రాజ్యాంగ సంస్థ పాత జాబితాను ఆధారంగా అడుగుతున్న నెలలోనే, ఒక పౌరుడు తన పాత గుర్తింపును ఫోన్‌లోంచి తుడిచేయాలా అని ఇంట్లో తర్కించుకోవలసి రావడం విచిత్రమైన స్థితి. చివరికి కార్డు ఉండిపోయింది.

ఆ తర్వాతే పొరపాటు జరిగింది. ఇంత తొలగించినా ఫోన్ ఇంకా చోటు లేదనే అంటోంది. తొలగించిన ఫోటోలు ముందుగా గ్యాలరీలోని చెత్తబుట్టలోకి వెళ్తాయి, చాలా ఫోన్లలో ముప్పై రోజులు అక్కడే ఉంటాయి, బుట్ట ఖాళీ చేస్తే తప్ప చోటు రాదు. షిఫ్టు వేళ దగ్గర పడుతోంది. కూతురు గ్యాలరీలో వాట్సాప్ ఫోటోల ఫోల్డరు మొత్తాన్ని ఒక్కసారిగా ఎంచి తీసేసింది, వెంటనే బుట్ట కూడా ఖాళీ చేసింది. కెమెరా ఫోటోలు భద్రమే కాబట్టి ఏమీ పోలేదనే ఇద్దరూ అనుకున్నారు.

అతడి తల్లి ఫోటో ఆ ఫోల్డరులోనే ఉంది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది సూరత్‌ను ముంచెత్తినప్పుడు, అప్పుడుంటున్న గదిలో పెళ్లి ఆల్బమ్‌తో పాటు కాగితం ఫోటోలన్నీ నాని ముద్దయ్యాయి. ఆమె పోయాక, ఊళ్లో గోడకు వేలాడే పటాన్ని అన్న కొడుకు ఫోన్‌తో తీసి పంపాడు. అలా చేరిన ఫోటో అది, నాయకుల జన్మదినాల మధ్య. గూగుల్ ఫోటోస్ మామూలుగా కెమెరా ఫోటోలనే ఆన్‌లైన్‌లో దాస్తుంది. వాట్సాప్ ఫోల్డరును దాచాలంటే విడిగా చెప్పాలి, ఆ సంగతి చెప్పినవారు లేరు. అంతకుముందు ఫోన్‌లో ఎప్పుడైనా దాచి ఉంటే? ఈ ఫోన్ కొన్నప్పుడు దుకాణంలోని కుర్రవాడు అరనిమిషంలో కొత్త ఖాతా తెరిచి చేతిలో పెట్టాడు. పాత ఖాతా పేరు, సంకేతపదం ఎవరికీ గుర్తులేవు. రెండేళ్లు ముట్టుకోని ఖాతాలను 2023 డిసెంబరు నుంచి గూగుల్ తొలగిస్తోంది. ఫోన్ మారినప్పుడల్లా పేదవాడి గతం ఇలా ఒక ఖాతాలో సమాధి అవుతుంది. దుకాణాలు కొత్త ఖాతాలు తెరవడం మాని పాతవి తెరిచిపెట్టినా చాలు, సగం ఆల్బములు బతికి ఉండేవి.

కూతురు ఏడ్చింది. అతడు ఏమీ అనలేదు. ఊరికి ఫోన్ చేసి పటం మళ్లీ ఫోటో తీయమన్నాడు. కరెంటు లేదు, రేపు తీస్తానన్నాడు అన్న కొడుకు.

ఖటోదరాకు చేరి, అదే చాయ్ బండి దగ్గర, అతడు ఓటర్ల జాబితా పేజీని మరోసారి నొక్కాడు. ఈసారి గుర్తు ఆగలేదు. మసక ముద్రణ, తెలుగు అక్షరాలు, ఫోటోలు లేని జాబితా. వేళ్లతో పెద్దది చేసి ఇంటి నంబరు వెతికాడు. తన పేరు, తండ్రి పేరు, వయసు. దానికి రెండు వరసల పైన అదే ఇంటి నంబరు మీద తల్లి పేరు, పక్కన భర్త పేరు, స్త్రీ, వయసు యాభై ఎనిమిది. ఆమె వయసు ఇంట్లో ఎవరికీ కచ్చితంగా తెలియదు. నమోదుకు వచ్చినవాడు అడిగితే ఎవరో తోచింది చెప్పి ఉంటారు.

భాగం నంబరు, క్రమసంఖ్య చాయ్ బండి వాడి దగ్గర పెన్ను అడిగి అరచేతిలో రాసుకున్నాడు. ఫోన్‌ను నమ్మడం ఆ రోజుకు చాలనుకున్నాడేమో. పేజీని కూతురికి పంపాడు, అన్న కొడుక్కి తిరిగి పంపాడు, కొత్త ఆల్బమ్ తెరిచి అందులో పెట్టాడు. పేరు అడిగితే తెలుగులో టైపు చేయడం చేతకాక మైకు గుర్తు నొక్కి “అవ్వ” అన్నాడు. మగ్గాల చప్పుడులో ఫోన్ దాన్ని మరేదో మాటగా రాసుకుంది. మూడుసార్లు చెప్పాక సరిగ్గా పడింది.