గ్వెల్ఫ్ ఫిరంగి

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఓల్డ్ జెరెమయా అనే పాత నౌకా ఫిరంగి ఒకటి ఉంది. ఒకప్పుడు విద్యార్థుల శిక్షణకు వాడిన దీనిని తరువాతి తరాలవారు రాత్రికి రాత్రి ఒకచోటి నుండి మరొకచోటికి ఈడ్చుకుపోయి వేడుక చేసుకొనేవారట. 1973లో కాంక్రీటులో బిగించేశాక, రంగులు పూసే ముచ్చట మాత్రం మిగిలింది. పొద్దుగూకాక పూయాలి, ఇంకొకరు వచ్చి చెరపకుండా తెల్లవారేదాకా కాపలా కాయాలి.

విత్తనాలూ పశువులూ చదువుకొనే చోట ఫిరంగికేం పని? ఇక్కడి వ్యవసాయ కళాశాల 1874లో మొదలైంది; విశ్వవిద్యాలయం 1964లో వచ్చింది. 1880లో ఆ ఊళ్ళో ఏర్పడిన ఫిరంగి బ్రిగేడుకు నేటి 11వ ఫీల్డ్ ఆర్టిలరీ రెజిమెంటు వారసురాలు. అది రిజర్వు దళం. వారమంతా ఎవరి వృత్తి వారిది, తీరిక వేళల్లో కవాతు. మేమూ కళాశాలలో ఎన్.సి.సి. దుస్తులు తొడుక్కున్నవాళ్ళమే. కవాతు ముగిశాక పెట్టే పూరీల మీదున్న ధ్యాస తుపాకి మీద ఉండేది కాదు. మమ్మల్నెవరూ యుద్ధానికి రమ్మనలేదు. గ్వెల్ఫ్ పిల్లలను మాత్రం పిలిచారు. 1916లో ఆ కళాశాల పేరు మీదనే 56వ బ్యాటరీ లేచి, సముద్రం దాటింది. తిరిగిరాని విద్యార్థుల జ్ఞాపకార్థం 1924లో కట్టిన సభాభవనం ఇప్పటికీ అక్కడ ఉంది.

నన్ను పట్టి నిలిపింది మాత్రం ఒక తండ్రీకొడుకుల కథ. జాన్ మెక్రే పుట్టింది ఆ ఊళ్ళోనే, 1872లో. కుర్రతనంలోనే తండ్రి డేవిడ్ నడిపే ఫిరంగి దళంలో బూరా ఊదేవాడు. ఉబ్బసం వల్ల టొరంటోలో చదువు ఆగినప్పుడు ఈ వ్యవసాయ కళాశాలలోనే ఇంగ్లీషూ లెక్కలూ చెప్పాడు. తరువాత వైద్యుడయ్యాడు. అయినా 1900లో దక్షిణాఫ్రికా యుద్ధానికి వెళ్ళింది ఫిరంగి అధికారిగానే! 1915 మే నెలలో, స్నేహితుడు హెల్మర్ మరణించిన మరునాడు, 'ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్' రాశాడంటారు. ఆ పద్యం ఎందరికో కంఠస్థం. రాసినవాడు ఫిరంగి దళం మనిషి అన్నది తెలిసినవారు తక్కువ.

ఆ జూన్‌లో అతణ్ణి దళం నుండి తప్పించి, మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నెలకొల్పిన సైనిక ఆసుపత్రికి పంపారు. ప్రాణాలు నిలిపే పని దొరికినందుకు సంతోషించాలి కదా? అతడు నొచ్చుకొన్నాడు. తోటివాళ్ళు ముందువరుసలో తడుస్తుంటే తనకు సుఖమేమిటని గుడారంలోనే పడుకొనేవాడు. వైద్యుడిలోని ఈ మొండితనాన్ని మెచ్చుకోవాలో జాలిపడాలో నాకు నేటికీ తేలలేదు. ఇంటి పిల్లలకు మాత్రం తన గుర్రం బాన్‌ఫైర్ రాసినట్లే ఉత్తరాలు రాసి, చివర డెక్క గుర్తు వేసేవాడు.

డెబ్బై ఏళ్ళ డేవిడ్ కూడా ఊరుకోలేదు. గ్వెల్ఫ్‌లో మరో బ్యాటరీని కూడగట్టి ఇంగ్లాండుదాకా తీసుకువెళ్ళాడు. వయసు మీరిందని ఫ్రాన్సుకు పోనివ్వలేదు. 1918 జనవరి 28న న్యుమోనియాతో కొడుకు కన్నుమూశాడు. అంతిమయాత్రలో ముందు నడిచింది బాన్‌ఫైర్. రికాబుల్లో యజమాని బూట్లు వెనక్కి తిప్పి పెట్టి ఉన్నాయి.