సలహా ఎవరిది, సంతకం ఎవరిది

టైడ్, ఏరియల్, విస్పర్ లాంటి సరుకులు అమ్మే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ 1994 ఏప్రిల్ 12న ఒక నష్టాన్ని ప్రకటించింది. సబ్బుపొడి అమ్మకాలు పడిపోయి వచ్చిన నష్టం కాదది. బ్యాంకర్స్ ట్రస్ట్ అనే న్యూయార్క్ బ్యాంకుతో వడ్డీరేట్ల మీద కుదుర్చుకున్న రెండు స్వాప్ ఒప్పందాల్లో, పన్నుకు ముందు లెక్క చూస్తే, 15.7 కోట్ల డాలర్లు పోయాయి. ఆ ఏడాది అక్టోబరులో కంపెనీ ఒహాయోలోని ఫెడరల్ కోర్టుకెక్కింది. మీరు మాకు సలహాదారులు, మీ మాట నమ్మి సంతకం పెట్టాం, రిస్కు ఎంతో మాకు చెప్పకుండా దాచారు అన్నది కంపెనీ వాదన. మేం అమ్మాం, మీరు కొన్నారు, సలహాదారులం ఎప్పుడయ్యాం అన్నది బ్యాంకు జవాబు. డబ్బు గురించి మనకు మాట చెప్పే మనిషి సలహాదారా, అమ్మకందారా అన్నది నష్టం వచ్చాక తేల్చుకునే సంగతి కాదని, సంతకానికి ముందే కాగితం మీద తేలాలని నేను నమ్ముతాను. అక్కడ తేలకపోతే అతను అమ్మకందారేనని అనుకుని నడుచుకోవాలి. నా డబ్బు విషయంలో నేను తీసుకునే నిర్ణయాలు చాలావరకు ఈ ఒక్క అనుమానం మీదే ఆధారపడ్డాయి. ఆ అనుమానానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఆ రెండింటిలో పెద్ద ఒప్పందం 1993 నవంబరు 2న కుదిరింది. 20 కోట్ల డాలర్ల మీద లెక్కగట్టే ఐదేళ్ల స్వాప్ అది. బ్యాంకు కంపెనీకి 5.30 శాతం స్థిర వడ్డీ ఇస్తుంది. కంపెనీ తిరిగి బ్యాంకుకు కమర్షియల్ పేపర్ రేటు, అంటే కంపెనీలు తెచ్చుకునే స్వల్పకాలిక అప్పుల మీది వడ్డీ, దానికంటే 0.75 శాతం తక్కువ కడుతుంది, దానికి ఒక సూత్రం ప్రకారం వచ్చే అదనపు వడ్డీ కలుస్తుంది. రేట్లు పెరగకపోతే అదనం సున్నా. అంటే కంపెనీకి మిగిలేది ఏడాదికి 15 లక్షల డాలర్లు, ఐదేళ్లకు 75 లక్షలు. అంత పెద్ద కంపెనీ ఖాతాలో అది చిల్లర కింద లెక్క. అసలు కథ ఆ సూత్రంలో ఉంది. అందులో ఐదేళ్ల అమెరికా ప్రభుత్వ బాండు రాబడిని 5.78తో భాగించి 98.5తో హెచ్చించాలి. దాంట్లోంచి 30 ఏళ్ల బాండు ధర తీసేయాలి. 98.5ని 5.78తో భాగించి చూడండి, 17 వస్తుంది. ఐదేళ్ల రాబడి ఒక్క శాతం పెరిగితే ఈ ఒక్క భాగమే అదనపు వడ్డీని 17 శాతం దాకా ఎగదోస్తుందన్నమాట. రేట్లు పెరిగితే 30 ఏళ్ల బాండు ధర ఎలాగూ తగ్గుతుంది, ఆ దెబ్బ దీనికి తోడు. ఈ లెక్కకు తొమ్మిదో తరగతి గణితం చాలు. 1994 ఫిబ్రవరి 4న అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీరేటును పావు శాతం పెంచింది, బాండ్ల మార్కెట్ తిరగబడింది. చివరికి కంపెనీ కమర్షియల్ పేపర్ రేటు మీద ఇంకో 14 శాతం కట్టాల్సిన స్థితికి చేరింది.

కోర్టులో బయటపడ్డవి బ్యాంకుకు ఏమాత్రం మేలు చేయలేదు. తగాదాలొస్తే పనికొస్తాయని బ్యాంకు తన ఉద్యోగుల ఫోన్ సంభాషణలను తానే రికార్డు చేసుకునేది. ఖాతాదారులకు అర్థం కాని సరుకు అంటగట్టి ఎంత గుంజామో వాళ్లు నవ్వుకుంటూ చెప్పుకున్న మాటలు ఆ టేపుల్లోనే దొరికాయి. అయినా 1996 మేలో న్యాయమూర్తి జాన్ ఫీకెన్స్ ప్రధానమైన ప్రశ్న మీద కంపెనీ వాదనను ఒప్పుకోలేదు. ఇద్దరూ లోకం తెలిసిన వ్యాపారులు, ఎదురెదురుగా నిలబడి బేరం చేసుకున్నారు, కాబట్టి కంపెనీ మేలే తన మేలుగా చూడాల్సిన విశ్వాస బాధ్యత బ్యాంకుకు లేదు అన్నారు. అయితే న్యూయార్క్ చట్టం ప్రకారం ఒక చిన్న కిటికీ తెరిచి ఉంచారు. ఒప్పందంలో ఒక పక్షానికి మాత్రమే తెలిసి, అవతలి పక్షానికి తేలిగ్గా దొరకని ముఖ్యమైన సమాచారం ఉంటే, సద్భావంతో దాన్ని వెల్లడించాల్సిన బాధ్యత ఉంటుందన్నారు. ఆ కిటికీ వల్లే అనాలి, ఇద్దరూ రాజీపడ్డారు. దాదాపు 20 కోట్ల డాలర్ల బాకీలో కంపెనీ 3.5 కోట్లు కట్టి బయటపడింది. చూడ్డానికి గెలుపులా ఉంది. కానీ టేపులు దొరకకపోయి ఉంటే, కంపెనీ దగ్గర పేరున్న లాయర్లు లేకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

అదే బ్యాంకు, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఉన్న అదే సిన్సినాటి నగరం, ఇంకో ఖాతాదారు. గిబ్సన్ గ్రీటింగ్స్ అనే గ్రీటింగ్ కార్డుల కంపెనీ కూడా ఇలాంటి ఒప్పందాల్లోనే సుమారు 2 కోట్ల డాలర్ల గుంటలో పడింది. నష్టం ఎంతో బ్యాంకు ఆ కంపెనీకి తక్కువ చేసి చెబుతూ వచ్చింది. ఇక్కడ అమెరికా నియంత్రణ సంస్థలు మెత్తగా పోలేదు. 1994 డిసెంబరులో బ్యాంకు అనుబంధ సంస్థ మీద కోటి డాలర్ల జరిమానా పడింది. ఫ్యూచర్స్ మార్కెట్ నియంత్రణ సంస్థయితే, గిబ్సన్ విషయంలో ఆ అనుబంధ సంస్థ సలహాదారుగానే వ్యవహరించిందని తేల్చి చెప్పింది. గిబ్సన్ తన బాకీకి 62 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఒకే బ్యాంకు ఒక చోట సలహాదారు, మరో చోట కాదు. ఖాతాదారు ఎంత తెలిసినవాడు, ఎవరి మీద ఎంత ఆధారపడ్డాడు, కాగితంలో ఏముంది అన్నవాటిని బట్టి జవాబు మారింది. నన్ను కలవరపెట్టేది ఈ మార్పే. సలహాదారన్న హోదా ఆ మనిషి స్వభావంలో ఉండే గుణం కాదు, తర్వాతెప్పుడో ఎవరో కూర్చుని నిర్ణయించే విషయం.

దీని నుంచి బ్యాంకులు ఏం నేర్చుకున్నాయి? నిజాయితీగా ఉండాలని కొందరు నేర్చుకుని ఉండొచ్చు. కానీ కాగితం రాయడం మాత్రం అందరూ నేర్చుకున్నారు. 1996లోనే స్వాప్ వ్యాపారుల అంతర్జాతీయ సంఘం ఇస్డా ఒప్పందాల్లో చేర్చుకోవడానికి ఒక పేరా తయారుచేసింది. నేను నా సొంత విచక్షణతో ఈ లావాదేవీ చేస్తున్నాను, అవతలి పక్షం మాటను సలహాగా తీసుకోలేదు, వాళ్లు నా సలహాదారులు కారు అన్నది దాని సారం. ఆ పేరా సముద్రాలు దాటి ఇక్కడికీ వచ్చింది. 2007, 2008లో తిరుప్పూరు, కోయంబత్తూరు ఎగుమతిదారులు, ఇంకెందరో మన కంపెనీల వాళ్లు విదేశీ కరెన్సీ ఆప్షన్లలో చేతులు కాల్చుకున్నప్పుడు మద్రాసు హైకోర్టు ముందుకొచ్చిన రాజశ్రీ షుగర్స్, యాక్సిస్ బ్యాంకు తగాదాలో 2008 అక్టోబరులో తీర్పు వచ్చింది. ఆ ఒప్పందం పందెం కాదని, చట్టవిరుద్ధమూ కాదని కోర్టు చెప్పింది. రిజర్వు బ్యాంకు 2007 ఏప్రిల్‌లోనే, ఖాతాదారుకు సరిపోయే ఒప్పందమో కాదో చూసుకునే బాధ్యత బ్యాంకులదేనని నియమం పెట్టింది. 2011లో 19 బ్యాంకుల మీద జరిమానాలు కూడా వేసింది. ఆ జరిమానా పోగొట్టుకున్నవాడి జేబులోకి రాదు.

కంపెనీల తగాదా మనకెందుకు అనేవాళ్లుంటారు. ఆ అభ్యంతరం తేలిగ్గా తీసేసేది కాదు. చిన్న మదుపరికి చట్టం ఎక్కువ రక్షణ ఇస్తుందన్న మాట నిజమే, గిబ్సన్ కథే దానికి రుజువు. కానీ రక్షణ ఉండటం వేరు, దాన్ని వాడుకునే స్తోమత ఉండటం వేరు. పైగా మన ఇళ్లలో ఎవరు ఎవరి మనిషో చాలామంది తలకిందులుగా అనుకుంటారు. బీమా ఏజెంటు మన మనిషి అనుకుంటాం. ప్రీమియం ఏజెంటు చేతికిచ్చిన ఒక పాలసీదారు కేసు 1997లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏజెంటు ఆ డబ్బు ఆలస్యంగా జమచేశాడు, ఈలోగా పాలసీదారు చనిపోయాడు. ప్రీమియం వసూలు చేసే అధికారం ఎల్‌ఐసీ తన ఏజెంట్లకు ఇవ్వలేదు కాబట్టి, అతని చేతికిస్తే సంస్థకు ఇచ్చినట్టు కాదని కోర్టు అన్నది. ఆ క్షణంలో అతను సంస్థ మనిషీ కాడు, పాలసీదారు మనిషీ కాడు. ఇక బ్యాంకులో చల్లటి గదిలో కూర్చోబెట్టి, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఏముంది సార్, దీంట్లో ఇంకో రెండు శాతం ఎక్కువొస్తుంది అనే మేనేజరు సంగతి. యెస్ బ్యాంకు ఏటీ1 బాండ్లు, అంటే బ్యాంకు మునిగే పరిస్థితి వస్తే అసలుతో సహా రద్దు చేయగల బాండ్లు, 2020 మార్చిలో 8,415 కోట్ల రూపాయల మేర రద్దయ్యాయి. వాటిని రిస్కు సరిగా చెప్పకుండా మామూలు ఖాతాదారులకు అంటగట్టారని సెబీ 2021లో ఆ బ్యాంకుకు 25 కోట్ల జరిమానా వేసింది. ఆ ఉత్తర్వు మీద బ్యాంకు అప్పీలుకు వెళ్లింది. ఆ అప్పీలు ఏమైనా కానీయండి, బాండు కొన్న రిటైరైన మనిషి దరఖాస్తు మీద సంతకం మాత్రం అతనిదే.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. చిట్టీ వేసేటప్పుడు మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న కమీషన్ ఎంత అని. చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ఫోర్‌మన్ కమీషన్‌కు 5 శాతం పరిమితి ఉండేదని, 2019లో దాన్ని 7కు పెంచారని తెలియనివాళ్లు కూడా తమ చిట్టీలో ఎంత కోస్తారో నోటిమీద చెబుతారు. అదే మనిషి మ్యూచువల్ ఫండ్ ఫారం మీద సంతకం పెడుతూ ఇందులో మీకెంత అని అడగడు. అడిగితే బాగోదని మొహమాటం. అమ్మేది బాబాయి కొడుకో, పక్కింటాయనో అయితే ఆ మొహమాటం రెట్టింపు. నమ్మకం ఉన్నచోట లెక్కలడిగితే బంధం చెడుతుందన్నది దీని వెనకున్న వాదన. నాకు దానికి విరుద్ధంగా అనిపిస్తుంది. బంధాలు చెడేది నష్టం వచ్చాక, నువ్వు చెప్పావనే కదా పెట్టాను అన్న మాట పడ్డాక. మొదట్లోనే ఎవరి రాబడి ఎక్కడి నుంచో తెలిసి ఉంటే ఆ మాటకు చోటుండదు. లెక్క కూడా చిన్నదేం కాదు. 10 లక్షలు 20 ఏళ్ల పాటు ఏడాదికి 12 శాతం చొప్పున పెరిగితే దాదాపు 96 లక్షలవుతాయి, 11 శాతమైతే దాదాపు 81 లక్షలు. రాబడి రేట్లు నేను ఊహించుకున్నవి. ఫండ్లలో కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి అందుబాటులో ఉన్నాయి, వాటికీ కమీషన్ ఉన్న ప్లాన్లకూ మధ్య ఖర్చు తేడా ఏటా ఒక శాతం దగ్గరికి వచ్చే పథకాలు ఉన్నాయి కాబట్టే ఈ ఉదాహరణ తీసుకున్నాను. ఆ 15 లక్షలు సలహాకు కడుతున్న ధర. సలహా నిజంగా అందుతుంటే కట్టొచ్చు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ఫీజు తీసుకునేవాడు పనికిమాలిన సలహా ఇవ్వొచ్చు, కమీషన్ తీసుకునేవాడు మార్కెట్ పడ్డప్పుడు మనల్ని అమ్మనివ్వకుండా చెయ్యి పట్టుకుని ఆపొచ్చు. ఒప్పుకుంటాను. జీతం ఎక్కడి నుంచి వస్తుందన్నదే మనిషి నిజాయితీని తేల్చేయదు. అలాగే 3 లక్షల పొదుపు ఉన్న కుటుంబం ఏటా వేలల్లో ఫీజు కట్టి సలహాదారును పెట్టుకోవడం అర్థం లేని పని. వాళ్లకు నేను చెప్పేది సలహాదారు అక్కర్లేదనే. ఒక టర్మ్ పాలసీ, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో, మిగిలింది ఒక ఇండెక్స్ ఫండ్ చాలు. నేను అంటున్నది కమీషన్ పాపమని కాదు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తప్పు బ్యాంకుతో లావాదేవీ చేయడంలో లేదు, ఎదుటి కుర్చీలో ఉన్నవాడు తన పక్క కుర్చీలో ఉన్నాడనుకోవడంలో ఉంది. ఏటా 15 లక్షల డాలర్లు ఊరికే ఎందుకిస్తున్నారని అడగకపోవడమూ ఆ అనుకోవడంలో భాగమే. కంపెనీకి ఆశ లేదని ఎవరూ అనలేరు.

ఎదుటి కుర్చీయో పక్క కుర్చీయో తేల్చడానికి ఇప్పుడు మన దగ్గర ఆధారాలు ఉన్నాయి. సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరుగా నమోదైనవారు ఒకే ఖాతాదారుకు సలహా, అమ్మకం రెండూ చేయకూడదని 2020లో నియమం వచ్చింది. నమోదు లేని పంపిణీదారు వెల్త్ అడ్వైజర్ లాంటి పేర్లు పెట్టుకోకూడదనీ అప్పుడే వచ్చింది. సలహా మొదలుపెట్టే ముందు రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి చేసిందీ ఆ ఏడాదే. అందులో అందరూ చూసేది ఫీజు ఎంత అన్న పేజీ. నేను ముందు చూసేది విడిపోయే పేజీ. మధ్యలో మానుకుంటే కట్టిన ఫీజులో ఎంత వెనక్కి వస్తుంది, ఎన్నాళ్లలో వస్తుంది, నా ఫండ్లు, డీమ్యాట్ ఖాతా ఎవరి చేతిలో ఉంటాయి, నేను ఒంటరిగా వాటిని నడుపుకోగలనా అని. మిగిలిన కాలానికి ఫీజు తిరిగివ్వాలని, తెంచుకున్నందుకు సలహాదారు అట్టేపెట్టుకునేది ఒక త్రైమాసికం ఫీజు మించకూడదని 2020 మార్గదర్శకాలు చెప్పాయి. ఈ షరతులు కాగితంలో రాయడానికి వెనకాడేవాడి దగ్గర ఫీజు గురించి మాట్లాడేదాకా నేను వెళ్లను. మ్యూచువల్ ఫండ్ ఏజెంటుకు అలాంటి ఒప్పందం ఏదీ ఉండదు, ఎందుకంటే అతను మనతో కాదు, ఫండ్ సంస్థతో ఒప్పందం చేసుకున్నాడు. అతన్ని మార్చాలంటే పంపిణీదారు కోడ్ మార్పించుకోవాలి, లేదా డైరెక్ట్ ప్లాన్‌కు మారాలి. అలా మారడం పన్ను చట్టం లెక్కలో పాతవి అమ్మి కొత్తవి కొనడమే, కాబట్టి లాభం ఉంటే దాని మీద పన్ను పడుతుంది. ఆ పన్నును కూడా ఏజెంటు ఖర్చులోనే కలిపి, అతనితో ఉండాలో తెంచుకోవాలో లెక్క వేసుకుంటాను.