రాచకొండలో రేచడి జాడ

బోడుప్పల్‌లో ఉండేవాళ్లకు రాచకొండ అంటే ముందు పోలీసులే గుర్తుకొస్తారు. 2016లో ఆ పేరుతో కమిషనరేట్ పెట్టాక ఉప్పల్, మేడిపల్లి స్టేషన్ల బోర్డుల మీద, పెట్రోలింగ్ బండ్ల మీద ఏళ్ల తరబడి ఆ పేరు చదువుతూ వచ్చాం. ఆ పేరు వెనకున్న కొండను, దాన్ని ఏలిన వంశం ఆనవాళ్లను చూసి రావాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి, పెద్ద అంబర్‌పేటలో దిగి విజయవాడ రోడ్డు పట్టుకుంటే చౌటుప్పల్. అక్కడ కుడికి తిరిగితే సంస్థాన్ నారాయణపురం. అది దాటాక తండాలు, గుట్టలు, సీతాఫలం చెట్లు.

రాచకొండ కోటగోడలో సున్నం జాడ లేదు. పెద్ద పెద్ద బండలను ఒకదానిమీద ఒకటి కూర్చి నిలబెట్టారు. ద్వారాలకు రాతి స్తంభాలు, వాటిమీద రాతి దూలాలు. ఇది రేచర్ల పద్మనాయకుల కోట. 1323లో ఓరుగల్లు పడిపోయాక లేచిన వంశాల్లో వీరిదొకటి. ఈ వంశంలో, ఓరుగల్లు రాజు ప్రతాపరుద్రుడి తరఫున పాండ్యుల మీద పోరాడిన ఎఱదాచానాయకుడి కొడుకు సింగమనాయకుడు. జల్లిపల్లి కోటను ముట్టడించి ఉండగా, 1361 ప్రాంతంలో, సంధి మాటలకని వచ్చినవాడే ఆయన్ని పొడిచి చంపాడు. కొడుకులు పగ తీర్చుకున్నారు. ఆ తర్వాత వారిలో అనపోతానాయకుడు రాచకొండను, తమ్ముడు మాదానాయకుడు దేవరకొండను ఏలారు. అనపోతానాయకుడి కొడుకు సింగభూపాలుడు సంస్కృతంలో ‘రసార్ణవసుధాకరం’ రాశాడు. నాట్యశాస్త్రం చెప్పబోతూ ముందు తన వంశ చరిత్రే చెప్పుకున్నాడు.

ఈ యుద్ధాలకన్నా నా మనసును పట్టుకున్నది వంశమూలం గురించి తరతరాలుగా చెప్పుకొనే కథ. మూలపురుషుడు చెవ్విరెడ్డి పొలం దున్నిస్తుంటే నిధి బయటపడిందట. నరబలి ఇస్తేనే దక్కుతుందన్న మాట వినిపించింది. పాలేరు రేచడు, దళితుడు, తానే సిద్ధపడ్డాడు. రెండే కోరికలు కోరాడు: మీ వంశానికి నా పేరు ఉండాలి, మీ ఇంట పెళ్లికి ముందు మావాళ్ల ఇంట ఒక పెళ్లి జరిపించాలి. అలా రేచర్ల గోత్రం వచ్చిందంటారు.

కథే కావచ్చు. కానీ ఇంత పెద్ద దొరల వంశం తన పుట్టుకను ఒక పాలేరు ప్రాణానికి ముడిపెట్టి చెప్పుకోవడం నాకు మామూలు విషయంగా అనిపించలేదు. నిధి దొరకు దక్కింది, ప్రాణం పోయింది రేచడికి. ఆ అన్యాయాన్ని కథ దాచలేదు.

15వ శతాబ్దంలో రాచకొండ బహమనీల చేతికి పోయింది. వంశం మాత్రం చెదరలేదు. వెంకటగిరి, బొబ్బిలి రాజులూ రేచర్ల గోత్రమే చెప్పుకున్నారు. నేను తిరిగిన మేర కొండమీద రేచడి పేరున ఒక్క రాయీ కనబడలేదు. కోట ద్వారం దగ్గర అనపోతానాయకుడి చరిత్ర రాసే రోజున, ఆ పలకమీదే రేచడి కథ కూడా రాయాలి.