చేను బాగుందంటే భయమెందుకు?



మొన్న సాయంత్రం గట్టు మీద నిలబడి ఉంటే పక్క పొలం బావ వచ్చి "ఈసారి నీ చేను బాగుంది బావా, పిలకలు బాగా వేసింది" అన్నాడు. నేను వెంటనే "ఏం బాగుందిలే, పైకి అట్టా కనపడతంది గానీ లోపలంతా ఆకుముడతే" అన్నా. నిజానికి ఆకుముడత లేదు. మంచి మాట అన్న మనిషికి అబద్ధం చెప్పి పంపించా.

మనందరికీ ఇదే అలవాటు. దిష్టి తగులుద్దని భయం. తోటలో దిష్టిబొమ్మ పెట్టేది పురుగుల కోసం కాదు, పొగిడే వాళ్ల కళ్ల కోసమే కదా. ఇంకో కారణం ఉంది, అది పైకి చెప్పుకోం. నేను చేసేది ఐదెకరాలు, అందులో మూడు కౌలు. పంట బాగుందన్న మాట ఊళ్లో తిరిగితే వచ్చే ఏడు ఎకరాకి ఇంకో రెండు బస్తాలు పెంచుతారు. అప్పిచ్చినోళ్లు కూడా ముందే గుర్తు చేస్తారు. కాబట్టి కౌలు రైతు ఆ మాటకి భయపడటంలో తప్పేం లేదు.

కానీ పంటని మెచ్చుకోటం వేరు, పనిని మెచ్చుకోటం వేరు.

దోమపోటు రాకుండా ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలమంటారు కదా. నాట్ల ముఠాలకి అది చిరాకు. తాడు పట్టాలి, పని ఆలస్యం అవుద్ది, గుత్తకి వేసేటప్పుడు మరీను. పోయినేడు నాట్ల రోజు నేను ఎరువుల కోసం టౌనుకి పోయా. వచ్చేసరికి ముఠా నడిపే అక్క మొత్తం వేయించి వెళ్లిపోయింది. బాటలు ఈ చివర నుంచి ఆ చివరకి గీత గీసినట్టు ఉన్నయ్. ఆ ఏడు ఒక పిచికారీ ఖర్చు తగ్గింది నాకు. మరి ఆ రోజు నేను ఫోన్ చేసి ఆమెతో అన్నదేంటో తెలుసా? "ఈశాన్యం మూల నాలుగు కుదుళ్లు తేలినయ్ అక్కా" అని.

మార్చిలో మినుము పీకటానికి వస్తే, కూలి డబ్బులు పూర్తిగా ఇచ్చాక అన్నా, "అక్కా, బాటలు భలే తీయించావు, దోమ రాలేదు" అని. (కూలి దగ్గర బేరమాడి నోటితో పొగిడితే అది పొగడ్త కాదు.) ఆమె కాసేపు ఏం మాట్లాడలా. "ఇరవై ఏళ్ల నుంచి నాట్లేస్తన్నా తమ్ముడూ. పలచగా వేశారనో, వంకరగా వేశారనో పిలిచి చెప్తారు. బాగుందని చెప్పటానికి ఎవురూ పిలవలా" అంది.

మనకి మాత్రం ఎవరు చెప్తారులే. బాపట్ల 5204 అన్నం తిని సన్నగా భలే ఉందంటారు. ఆ మాట బియ్యం కొట్టు దాకా వచ్చి అక్కడే ఆగిపోద్ది.

మా నాన్నకి 78. గట్లు చెక్కటంలో ఆయన చెయ్యే వేరు. నా చిన్నప్పుడు ఒక పెద్దాయన సైకిలు ఆపి "ఎవరయ్యా ఈ గట్లు చెక్కింది" అంటే, నాన్న "ఎవరో కూలోళ్లు" అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటా అమ్మకి ఆ సంగతి మూడుసార్లు చెప్పాడు. నలభై ఏళ్లుగా ఆ గట్ల మీదే నడుస్తన్నా, నేను ఒక్కసారి కూడా అనలా. కొడుకుని పొగిడితే ఆయుక్షీణం అంటారు. తండ్రిని పొగడకూడదని ఎవరూ అనలేదు గానీ, మా ఇంట్లో అదీ లేదు.

నిన్న రాత్రి అన్నా. "నాన్నా, ఈసారి చెక్కించిన గట్టు ఒక్క వానకే జారింది. నువ్వు చెక్కినట్టు ఎవరికీ రాదు." గొంతు ఎందుకో సరిగ్గా రాలా. ఆయన టీవీ వైపే చూస్తా "పారకి పదును ఉండొద్దా" అన్నాడు. అంతే.

ఈ పొద్దున లేచి చూస్తే వసారాలో కూర్చుని పారకి ఆకురాయి పెడతన్నాడు. ఆ నడుంతో పొలం ఎట్టా పోతావని అమ్మ ఒకటే గోల.

బావా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. చేలో ఆకుముడత లేదు. మా ఆసామి ఫేస్‌బుక్ చూడడులే గానీ, నువ్వు మాత్రం ఎక్కడా అనమాక.