అబిస్కోలో ఆకురాలు కాలము

మా అక్కగారి ఎడమకన్ను మసకబారి మూడేండ్లయినది. నీటికాసులవలన పోయిన చూపు తిరిగి రాదనియు, మిగిలినదానిని మందులతో కాపాడుకొనవలయుననియు వైద్యులు చెప్పిరి. నాటినుండి ఆమె కోరిక యొక్కటే: చిన్ననాడు తండ్రిగారు నేర్పిన విద్యతో, ఉత్తరదేశపు శరత్తును తన చేతితో ఒక్క పటము తీయవలెనని. మా తమ్ముని కూతురు స్టాక్‌హోములో కాపురముండుటచే మాకు ధైర్యము కలిగెను. సెప్టెంబరు రెండవ వారమున ఆ పిల్లయు మేమును అక్కగారిని వెంటబెట్టుకొని సాయంకాలపు రైలెక్కి, మరునాటి మధ్యాహ్నమునకు అబిస్కో చేరితిమి. ఇది స్వీడను దేశపు ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ వలయమునకు సుమారు 200 కిలోమీటర్ల ఎగువ నున్నది. 1909లో దీనిని జాతీయవనముగా నేర్పరచిరి.

వనమనగానే మనకు తోచు మహావృక్షము లచట లేవు. కొండవాలున నున్న భూర్జవృక్షములు మన జామచెట్లంతయే. పూర్వము మనదేశమున గ్రంథములు వ్రాసిన భూర్జపత్రముల జాతివే యవి. వాని పాదములకడ మోకాలెత్తైన లేని పొట్టి భూర్జములు దట్టముగా నల్లుకొని యుండును. పెద్దవి పసుపు, పొట్టివి కుంకుమ. పేరంటపు పళ్లెమును కొండమీద బోర్లించినట్లుండెను. చలి హెచ్చగా ఆకులోని పచ్చదనము తరిగి, అంతవరకు దాగియున్న పసుపు బయటపడును. ఎరుపు మాత్రము దాగియున్నది కాదు. పగటి యెండయు రాత్రి చలియు కూడినపుడు ఆకు క్రొత్తగా తయారుచేసికొనునది. రాలిపోవుటకు ముందు ఈ శ్రమ యెందులకో!

అచట సెప్టెంబరు 23 ప్రాంతమున సూర్యుడు మధ్యాహ్నమందైనను 22 డిగ్రీలకు మించి ఎత్తెక్కడు. కనుక పగలెల్ల సాయంకాలపు వెలుగే, నీడలు పొడుగు. పటములు తీయువారికి పండుగయే. కాని రెండు దినములు పొగమంచు వీడలేదు. బ్యాటరీలు చలికి త్వరగా నీరసించును గనుక వానిని పసిబిడ్డలవలె శాలువలో హత్తుకొని మోసితిమి. సోదరీమణులు నవ్వుదురేమో!

మూడవనాడు ఉదయమున, బురదనేలపై పరచిన పలకల బాటను అక్కగారిని చేయిపట్టి నడిపించుచుండగా, మంచు విచ్చి లాపోర్టెన్ కనబడెను. రెండు కొండలనడుమ పూర్వపు హిమానీనదము తొలిచిన గిన్నెవంటి లోయ యది. సామీజనులు దానిని పెద్దబాతుల లోయ యందురు. అక్కగారు కెమెరాను కుడికంటి కానించి కదలక నిలిచిరి. మరల మేఘము దిగుచుండెను.

“అత్తయ్యా, ఇటిమ్ము, నేను తీసెదను” అని పిల్ల చేయి చాచెను. మాకును అట్లే తోచినది, నిజము దాచనేల? అయినను పిల్ల చేయి పట్టుకొంటిమి.

“ఉండవే తల్లీ, ఇంకను చూచుచున్నాను” అనిరి అక్కగారు. ఒక్కమారు మీట నొక్కిరి. అంతలో కొండ మరుగుపడెను.

పిమ్మట, “ఎడమప్రక్క నేమున్నది?” అని యడిగిరి. సరస్సున్నదని చెప్పితిమి. అది 70 కిలోమీటర్ల పొడవుగల తోర్నెత్రెస్క్. ఆమె తల పూర్తిగా త్రిప్పి, చాలసేపు చూచిరి.

మేమిద్దరము తీసిన నలువది పటములును చక్కనివే, పెట్టెలో నున్నవి. బెజవాడలో మా చావడిగోడకు అక్కగారిదే తగిలించితిమి. అందు ఎర్రని పొదలు స్పష్టముగా, కొండ సగము మేఘములో, నేల యంతయు ఒకవైపునకు ఒరిగి యున్నవి. వచ్చిన వారందరును చట్రము వంగినదనుకొని సరిచేయబోవుదురు.