పనిలేనివారి లెక్క

మన దేశమున పని చేయువారెందఱు, పని కోరియు దొరకనివారెందఱు అను లెక్క ఇప్పుడు నెలకొకసారి వార్తాపత్రికలలో కానవచ్చుచున్నది. పురుషులు దానిని చదివి, ప్రభుత్వమును పొగడుటయో తెగడుటయో చేసి, పత్రికను మడిచి పెట్టుదురు. ఆ యంకెలో మనమెచ్చట నున్నామో చూచుకొనవలసినది మనమే. ఏలయన ఆ లెక్క హెచ్చుటకును తగ్గుటకును పురుషులకంటె స్త్రీలే యెక్కువ కారణమగుచున్నారు.

పని లేనివారందఱును నిరుద్యోగులు కారు. ఆ పేరు పొందుటకు పని లేకుండుట చాలదు; పనికై వెదకుచుండవలెను, లేదా దొరికినచో చేయుటకు సిద్ధముగా నుండవలెను. బడికి పోవు బాలుడును, పింఛను తీసికొను వృద్ధుడును, వంటయింటిలోని యిల్లాలును పనివారును కారు, నిరుద్యోగులును కారు, లెక్కకు వెలుపలివారు. 2023 జూలై మొదలు 2024 జూన్ వరకు జరిగిన సర్వేలో 15 ఏండ్లును అంతకు పైబడినవారిలో నిరుద్యోగులు నూటికి 3.2 అని తేలినది. ఈ నూఱు దేశజనులందఱిలోని నూఱు కాదు. పని చేయువారును, పని కోరువారును కలిసిన నూఱు మాత్రమే. ఆ వయస్సు స్త్రీలలో సగమునకు పైగా ఆ నూటిలో చేరనేలేదు.

ఈ లెక్కకై ప్రతి గడపయు త్రొక్కరు. భారతమున ఋతుపర్ణ మహారాజు రథముపై పోవుచు తాండ్రచెట్టు ఆకులను, కాయలను ఒక్కచూపుననే యెంచి చెప్పగా, బాహుకుడై యున్న నలుడు నమ్మక చెట్టును కూల్చి లెక్కించి చూచిన కథ మనమెఱిగినదే. నేటి గణాంకశాఖవారిది ఋతుపర్ణుని విద్య. కొన్ని పల్లెలను, కొన్ని పట్టణ వీథులను, వానిలో కొన్ని యిండ్లను ఏరుకొని, అచ్చటివారి నడిగి, దేశమంతటి లెక్క కట్టుదురు. జాతీయ నమూనా సర్వే 1950లో ఏర్పడినది. మన దేశమున నెలజీతగాండ్రు కొందఱే కనుక ఒక్క కొలబద్దతో అందఱిని కొలువరాదని దంత్‌వాలా సంఘమువారు 1970లో చెప్పిరి. దాని ననుసరించి 1972-73 నుండి ఏడాది కొలతయు, వారపు కొలతయు, దినపు కొలతయు వాడుకలోనికి వచ్చినవి. 2017 ఏప్రిల్ నుండి ఈ సర్వే ఎడతెగక జరుగుచున్నది. వారపు కొలతలో, గడచిన ఏడు దినములలో ఒకనాడు ఒక్క గంట పని చేసినవాడును పనివాడే! ఇది లోకమంతట నున్న పద్ధతియే యందురు కాని మాకు మాత్రము మింగుడు పడలేదు.

పని యననేమి? చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఇంటి తిండికై వరి పండించుట పని. ఆ వడ్లనే ఇంటి తిండికై దంచుట పని కాదు. అమ్ముటకు ఆవకాయ పెట్టుట పని. పిల్లలకు పెట్టుట పని కాదు. ఇంటిపనులు మాత్రమే చేయు స్త్రీ పేరునకెదురుగా 92 అను అంకె వేయుదురు. పాండవుల యాదాయవ్యయములును, బొక్కసపు లెక్కలును తానొక్కతెయే యెఱుగుదునని ద్రౌపదీదేవి సత్యభామతో చెప్పినది కదా. నేటి గణకుడు ఆమెకును ఆ 92నే వేసి సాగిపోయియుండును.

ప్రశ్న మారిన మనుష్యులే మాయమగుదురు. 1961 జనగణనలో, పంటకాలమున పెక్కు దినములు, దినమునకొక గంటకు మించి క్రమముగా పని చేసిన స్త్రీని పనివారిలో చేర్చిరి. 1971లో ముఖ్యముగా చేయు పని యేదని యడిగిరి. ఏ యిల్లాలైనను, ఆమె పక్షమున ఏ మగవాడైనను, ఏమని చెప్పును? ఇంటిపని యనియే. జనసంఖ్య పెరిగినను, సుమారు 5 కోట్ల 90 లక్షలుగా నున్న పనివారగు స్త్రీలు 3 కోట్ల 10 లక్షలకు దిగిరి. ఆ పదేండ్లలో స్త్రీలు నాట్లు వేయుట మానిరా? కలుపు తీయుట మానిరా? తరువాత 1981లో ఏడాదిలో కొంతకాలమే పని చేయువారిని వేఱుగా లెక్కించిరి. 1991లో ఇంటి సేద్యమునందును, ఇంటి వ్యాపారమునందును జీతము లేక చేయు పనియు పనియేయని ప్రశ్నలోనే చేర్చిరి.

ప్రశ్న సరియైనను జవాబు సరియగునా? మావారు ఉపాధ్యాయులగుటచే 2011లో గణకులుగా నియమింపబడిరి. ఒక చేనేతవారి యింట పెద్దాయన తన పేరు, కుమారుని పేరు చెప్పి పనులు వ్రాయించెను. కోడలి మాట వచ్చునప్పటికి "అదేం చేస్తుందండీ, ఇంట్లోనే ఉంటుంది" అనెను. ఆమె అరుగుమీదనే రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టుచుండెను. "ఆ కండెలు చుట్టకపోతే మీ మగ్గం ఆడుతుందా, తాతా?" అని మావారడిగిరట. "ఎలా ఆడుతుంది బాబూ" అని పెద్దాయన నవ్వెను. ఆమె పేరు పనివారిలో చేరినది. అట్లు తిరిగి యడుగు తీరిక లేని గణకులెందఱో! ఇది వారి తప్పని యనుటకు లేదు. ఒక్కొక్కరికి అప్పగించిన యిండ్లు తక్కువ కాదు.

2011-12 సర్వేలో ఇంటిపనులలో నున్న స్త్రీలను ఇంకొక ప్రశ్న యడిగిరి: ఇంటివద్దనే పని దొరికినచో చేయుదురా? పల్లెలలో సుమారు మూడవవంతుమంది చేయుదుమనిరి. ఎక్కువమంది కోరినది కుట్టుపని. వీరు నిరుద్యోగులలో లేరు. కుట్టుమిషను కొని యిచ్చువాడును, బట్ట తెచ్చి యిచ్చువాడును ఆ 3.2ను చూచి, పని కోరువారు కొద్దిమందియే యని తలంచిన, దోషమెవరిది?

2017-18లో 15 ఏండ్లు మొదలు పై వయస్సు స్త్రీలలో పని చేయువారును కోరువారును నూటికి 23.3గా నుండగా 2023-24లో 41.7 ఐరి. పెరిగినవారిలో పెద్దభాగము పల్లెటూళ్లవారు. సొంతపనులలోను, జీతము లేని సాయములోను నున్నవారు. అడుగుటలో శ్రద్ధ పెరిగినదా, ఇల్లు గడువక స్త్రీలు పనికి దిగిరా యని విద్వాంసులు వాదించుచునే యున్నారు. రెండును కొంతకొంత నిజమై యుండునని మా తలంపు. ఏదైనను, ఈ పెరుగుదలను చూచి స్త్రీల చేతికి జీతము వచ్చినదని సంతోషించుటకు లేదు.

ఇంటిపనిని కొలువలేదని మాత్రము అనరాదు. 2024లో జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేయు స్త్రీ దినమునకు 289 నిమిషములును, చేయు పురుషుడు 88 నిమిషములును దానికి వెచ్చించుచున్నట్లు తేలినది. (ఆ 88 నిమిషముల పురుషుడు మా వీథిలో కాపురముండడు.) జీతము లేని యింటిపనియు పనియేయని 2013లో అంతర్జాతీయ శ్రామిక గణాంకవేత్తల సభవారు ఒప్పుకొనిరి, కాని దానిని ఉద్యోగమనలేదు.

2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గైకొని మరల జనగణన జరుగునని ప్రభుత్వము 2025 జూన్‌లో ప్రకటించినది. ప్రక్కయింటి పిన్నిగారు అప్పడములొత్తి రెండంగళ్లకు వేయుదురు. మనుమని బడి రుసుము ఆ సొమ్ముతోనే కట్టుదురు. "గణకుడు వచ్చి మీరేమి చేయుదురని యడిగిన ఏమందురు, పిన్నిగారూ?" అని మేమడిగితిమి. "ఏముందమ్మా, ఖాళీగానే ఉంటున్నానంటాను" అనుచు ఆమె మఱియొక పిండియుండను పీటమీద పెట్టి అప్పడాలకఱ్ఱను చేతికి తీసికొనిరి.